రెండో వైపు చివరి మూడు పాటలు

ఆ రోజుల్లో మా కోరుట్ల చుట్టుపక్కల ఉత్తరాలు మాట్లాడేవి. దుబాయి, బహ్రెయిన్, మస్కట్ పోయినవాళ్ళ ఇళ్ళకు క్యాసెట్ వచ్చిందంటే వాడకట్టంతా వచ్చి చాప మీద కూర్చునేది. అక్కడున్న మనిషి శుక్రవారం సెలవు పూట గదిలో కూర్చుని టేప్ రికార్డర్‌లో తన మంచీ చెడూ మాట్లాడి, ఇంటికి వచ్చే ఎవరి చేతనో పంపేవాడు. ఇక్కడివాళ్ళు అది విని, ఏడ్చి, ముక్కు చీది, అదే క్యాసెట్‌లో ఆయన మాటల మీదే తమ మాటలు నింపి, తిరిగి పోయే ఇంకెవరి చేతనో పంపేవాళ్ళు. (కొత్త క్యాసెట్ కొనుక్కోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. విన్న మాటలతో ఇంకేం పని అన్నది మా పెద్దల వాదం. దానికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.) అట్లా ఒకే క్యాసెట్ ఎన్నోసార్లు సముద్రం దాటేది. నేను చెప్పబోయేది అలాంటి ఒక క్యాసెట్ గురించి, దాని చివర ఎవరూ పట్టించుకోక మిగిలిపోయిన మూడు ఇంగ్లీషు పాటల గురించి, ఆ పాటలను కాపాడే బాధ్యత తన ఒక్కడిదేనని నమ్మిన ఒక ఇంటర్మీడియట్ కుర్రాడి గురించి. ఆ కుర్రాణ్ణి నేనే.

ఇప్పుడు నాకు జగిత్యాలలో మైకులు, సౌండ్ బాక్సులు కిరాయికిచ్చే దుకాణం ఉంది. పెళ్ళి గానీ, మీటింగు గానీ, దూరం నుంచి వింటే చాలు, ఏ బాక్సులో ఏ తీగ ఊడిందో చెప్పగలను. చెవి విషయంలో ఈ జిల్లాలో నాకు పోటీ లేదని నా నమ్మకం, నా పోటీదారుల అభిప్రాయం వేరే ఉండవచ్చు. అప్పట్లో మాత్రం కోరుట్ల నుంచి జగిత్యాల కాలేజీకి రోజూ బస్సులో వేలాడుతూ పోయేవాణ్ణి. మాది కల్లు గీసే ఇల్లు. అక్కను సిరిసిల్లలో అదే పని చేసే ఇంట్లో ఇచ్చారు. బావ తండ్రి తాటిచెట్టు మీది నుంచి పడి పోయాడు. అప్పటి నుంచి అక్క వాళ్ళ అత్తకు చెట్టు అంటే వణుకు. కొడుకు నడుముకు మోకు కట్టుకుంటే చూడలేక, పెళ్ళయిన కొన్ని నెలలకే అతన్ని బహ్రెయిన్ పంపించింది. అక్క ఆ ఇంట్లో అత్తతో కలిసి బీడీలు చుడుతూ ఉండిపోయింది. బావకు చదువు రాదు. కాగితం మీద ఏం రాసినా గదిలో ఇంకొకరు పైకి చదివి వినిపించాల్సిందే కాబట్టి, పెళ్ళాం మొగుడికి రాయదగిన మాట ఏదీ అందులో రాయడానికి లేదు. మిగిలింది క్యాసెట్. క్యాసెట్ ముందేమో అత్తా, వాడకట్టూ.

బావ ఒక టేప్ రికార్డర్ కూడా పంపించాడు. దాని మీద జరీ అంచు గుడ్డ కప్పి పెట్టారు. మీట నొక్కే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోవడంతో క్యాసెట్ వచ్చినప్పుడల్లా నాకు కబురు వచ్చేది. నేను కోరుట్లలో బస్సెక్కి, కథలాపూర్ మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల, పెద్ద డాక్టరు ఆపరేషన్‌కు పోయినట్టు పోయేవాణ్ణి. ఆపరేషన్ అంత సులువేమీ కాదు. పక్కింట్లో సాంచాలు ఉండేవి. (సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. వాటి పక్కన కాపురమున్న వాళ్ళు నిద్రలో కూడా గట్టిగా మాట్లాడతారు.) కరెంటు ఉన్నంతసేపు ఆ చప్పుడుకు గోడలు అదిరేవి, టేపు వినబడదు. కరెంటు పోతే సాంచాలు ఆగుతాయి కానీ అప్పుడు టేపుకు సెల్లులు కావాలి. సెల్లులు అత్త చేతిలో ఉండేవి. కొత్త సెల్లులను బియ్యం డబ్బాలో దాచి, కొడుకు మాటలు వినడానికీ, మన మాటలు నింపడానికీ మాత్రమే బయటికి తీసేది. అంతకు ముందొకసారి నేను పాత సెల్లులతోనే రికార్డు చేస్తే, అక్కడ బావకు వాళ్ళమ్మ గొంతు బడికి పోయే పిల్ల గొంతులాగా కిచకిచమని వినిపించిందట. అమ్మ పానం బాగుందా అని కంగారు పడి మనిషిచేత అడిగించాడు. ఆ నింద ఆపరేటర్‌గా నా మీదే పడింది.

ఆ దసరా సెలవుల్లో వచ్చిన క్యాసెట్ మాత్రం మామూలుది కాదు. బావ తోటపని చేసే ఇంటి ఇంగ్లీషు ఇంజనీరు దేశం వదిలి పోతూ ఒక డబ్బా నిండా సామాను ఇచ్చిపోయాడట. అందులో ఉన్న పాటల క్యాసెట్ అది. అలాంటి క్యాసెట్ చెరిగిపోకుండా దాని నెత్తిన రెండు చిన్న గాట్లు ఉంటాయి. వాటి మీద గాయానికి వేసే ప్లాస్టర్ ముక్క అంటిస్తే ఎంతటి గాయకుడైనా మనకు జాగా ఇవ్వాల్సిందే. బావ అదే చేశాడు. డబ్బా అట్ట మీద నలుగురు యువకులు, ఒకే రకం కోట్లు, కనుబొమల దాకా జుట్టు. అరవైల్లో ఇంగ్లండులో ఊరికొకటి చొప్పున పుట్టిన బీట్ గ్రూపుల్లో వాళ్ళదొకటట. (పేరు చెప్పను. చెప్పినా మీలో చాలామందికి తెలియదు, తెలిసిన ఒకరిద్దరు నవ్వుతారు.) వాళ్ళకు పేరు తెచ్చిన ఒకే ఒక్క పాట మొదటి వైపు మొదట్లో ఉండేదని అట్ట చెబుతోంది. దాని మీద బావ ‘నేనీడ మంచిగున్న, మీరు మంచిగున్నరనుకుంటున్న’ అని చెప్పేశాడు. ఆయన మాటలు మొదటి వైపంతా నిండి, రెండో వైపు సగం దాకా వచ్చి ఆగిపోయాయి.

ఆగిపోయే ముందు అసలు సంగతి చెప్పాడు. కంపెనీ వాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారట. “ఉండుమంటరా, రమ్మంటరా, అందరు చెప్పుండ్రి. మీరెట్లంటె గట్ల చేస్త” అన్నాడు. అత్త కళ్ళు ఒత్తుకుంది. వాడకట్టు నిట్టూర్చింది. నేను మీట నొక్కడం ఒక్క క్షణం ఆలస్యం చేశాను, అంతే, డబ్బాలోంచి డ్రమ్ములు, గిటార్లు, నలుగురి అరుపులు ఒక్కసారి మీద పడ్డాయి. చాప మీద కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. అత్త మొహం మాడిపోయింది. “గీ లొల్లేంది పిల్లగా? ఆడ ఎవలతోని ఉంటున్నడు వాడు?” అంది. అది పాటే తప్ప బావ గదిలో తాగి ఎగురుతున్నవాళ్ళు కాదని నచ్చజెప్పడానికి నాకు అన్నం వేళ దాటింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక నియమం ఏర్పడింది. ఆ డ్రమ్ములు మొదలవడంతోనే బంద్ పెట్టాలి.

కానీ నాకు ఆ పాటలు పట్టుకున్నాయి. మిగిలినవి మూడు. ఆ సెలవులన్నీ అక్క ఇంట్లోనే ఉండిపోయాను. కరెంటు పోయినప్పుడల్లా, అత్త బీడీలు అప్పగించడానికి కంపెనీకి పోయినప్పుడల్లా, పారేసిన పాత సెల్లులను మిద్దె మీద ఎండలో ఎండబెట్టి, వాటితో ఆ మూడు పాటలు వినేవాణ్ణి. మొదటి రోజు పడిన ఆ దెబ్బ చాలా జోరుగా ఉన్నట్టు అనిపించింది కానీ, నిదానంగా వింటే అవి ఎంతో దిగులు పాటలు. డ్రమ్ము ఆగి ఆగి మోగుతుంది. ఆ మగగొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు బరువుగా సాగుతుంది. ముఖ్యంగా రెండో పాట వింటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరో ఎవరినో శాశ్వతంగా పోగొట్టుకున్నారని మాత్రం గట్టిగా తెలిసింది. ఇంత గొప్ప పాటలు ప్రపంచంలో పిల్లవాడి దగ్గర నుంచి పండు ముసలి దాకా అందరికీ వచ్చే ఉంటాయనీ, కోరుట్లకు ఆలస్యంగా చేరాయనీ అనుకున్నాను. క్యాసెట్‌ను కోరుట్ల రికార్డింగ్ దుకాణానికి తీసుకుపోయి ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కించుకుందామంటే అత్త ససేమిరా అంది. కొడుకు గొంతు ఉన్న వస్తువు గడప దాటకూడదు.

సెలవులయ్యాక జగిత్యాల కాలేజీలో నా హోదా మారిపోయింది. ఇంగ్లీషు సంగీతం నాకు తెలుసని నేనే చెప్పుకుని, నేనే నమ్మించాను. ఇంగ్లీషు సారు పాటలంటే చెవి కోసుకునే మనిషని విని ఒకరోజు స్టాఫ్ రూములోకి పోయి ఆ గ్రూపు పేరు చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే చిటికెలు వేస్తూ వాళ్ళ ప్రసిద్ధ పాట పాడి వినిపించాడు, అదే, మా బావ చెరిపేసినది. అది నాకు తెలియదన్నాను. మరి ఏది తెలుసని అడిగితే గొంతు సవరించుకుని నా రెండో పాటను, కళ్ళు మూసుకుని, ఎంతో బరువుగా ఆలపించాను. సారు చాలాసేపు విని, ఇట్లాంటి పాట వాళ్ళు పాడినట్టు తాను వినలేదని మెల్లగా అన్నాడు. పాపం, ఇంత చదువుకుని కూడా అసలైన పాట తెలియదే అని ఆయన మీద నాకు జాలి కలిగింది. ఆ జాలిని మొహంలో దాచుకోకుండానే బయటికి వచ్చాను.

ఇంతలో సిరిసిల్ల నుంచి కబురు. కథలాపూర్ మనిషి ఒకాయన సెలవు అయిపోయి బహ్రెయిన్ తిరిగి పోతున్నాడు, జవాబు నింపాలి, వెంటనే రమ్మని. జవాబు అంటే ఆ క్యాసెట్‌లోనే. మొదటి వైపు నింపి, రెండో వైపు సగం దాకా మాట్లాడితే పరవాలేదు, బావ మాటల మీద మన మాటలు పడతాయి. అక్కడ ఆగకపోతే నా పాటలు పోతాయి. బస్సులో కూర్చుని ఎవరెవరు ఎంతసేపు మాట్లాడాలో మనసులోనే పంచాను. బావ పెదనాయినకు వానలూ, బర్రె ఈనిన ముచ్చటా వద్దని చెప్పాలి. అత్త ఏడుపు తగ్గించాలి. ఏడుపుకు అయ్యే టేపు మాటలకంటే ఎక్కువ.

నేను పోయిన రోజు అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, పొయ్యి ఊదుతున్నట్టు వంగి చిన్నగా మాట్లాడింది. అందరూ బావను ఉండమనే చెప్పబోతున్నారట. అత్త అప్పుడే ఇంటింటికీ తిరిగి చెప్పి పెట్టిందట. “అస్తె మల్ల చెట్టెక్కుతడని ఆమె భయం. ఆమె భయం నాకెర్కె. కని రమ్మని చెప్పేటోళ్ళు ఒక్కరు లేరు తమ్మీ. ఆమె ముందట నా నోరు రాది” అంది. నా మొహం చూడకుండా, “నీ పాటలకాడ నాకు జర జాగ ఇస్తవా?” అని అడిగింది. అక్క అప్పటిదాకా నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. నేను బొంగరం పోగొడితే తన చెవి కమ్మ తాకట్టు పెట్టి కొనిచ్చే రకం. అయినా ఆ రెండో పాట గుర్తుకు వచ్చింది. బయటికి పోయి, సాంచాల చప్పుడులో నిలబడి, ఆ పాటను మనసులో మొదటి నుంచి చివర దాకా పాడుకున్నాను. ఇక దాన్ని ఎవరూ చెరపలేరని నమ్మకం కుదిరాక లోపలికి వచ్చి సరే అన్నాను.

అన్నాక ఉపాయం నాదే. (ఈ ఉపాయానికి గాను నన్ను నేను మెచ్చుకోని సంవత్సరం లేదు.) జవాబు నింపాక, పంపే ముందు అత్త క్యాసెట్ మొత్తం ఒకసారి వింటుంది. అది ఆ ఇంటి ఆచారం. కానీ డ్రమ్ములు మొదలవడంతోనే బంద్ పెట్టమంటుంది. కాబట్టి మూడు పాటల్లో మొదటిదాన్ని ముట్టుకోకుండా ఉంచుదాం, దాని వెనక రెండో మూడో పాటల మీద నువ్వు మాట్లాడు అన్నాను. ఆ లొల్లి దాటి ఈ ఇంట్లో ఎవరూ లోపలికి రారు. మరి అతను కూడా అక్కడే బంద్ పెడితే ఎట్లా అని అక్క అడిగింది. దాని సంగతి నాకు వదిలిపెట్టు అన్నాను.

రికార్డింగ్ రోజు కరెంటు పోగానే అత్త బియ్యం డబ్బాలోంచి కొత్త సెల్లులు తీసింది. అందరూ వరసగా మాట్లాడారు. ఉండు కొడుకా, ఈడికొచ్చి చెట్టెక్కుడు వద్దు అని అత్త ఏడ్చింది. నేను వేళ్ళతో సైగలు చేసినా లాభం లేకపోయింది. పెదనాయిన ఉండుమన్నాడు, బర్రె ఈనిందన్నాడు, మళ్ళీ ఉండుమన్నాడు. వాడకట్టు వాళ్ళు తలా ఒకసారి ఉండుమన్నారు. అక్క వంతు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మంచిగున్న. పైలం” అని జాగ్రత్త చెప్పి లేచిపోయింది. చివర నేను మైకు దగ్గరికి జరిగి గట్టిగా చెప్పాను. “బావా, ఇగ నీ ఇంగ్లీషు పాటలస్తయి. మొదటిది అయిపోయినంక రెండోది తప్పకుండ ఇను. రెండోది మస్తుంటది.” సముద్రం అవతలి మనిషికి చెప్పేది ఇదేనా అని అత్త నా నెత్తిన మొట్టింది. మధ్యాహ్నం, కరెంటు ఇంకా రాకముందే, ఆమె బీడీల గంప ఎత్తుకుని కంపెనీకి పోయాక, నేను టేపును మొదటి పాట చివరికి నడిపించి, మీట ఎట్లా నొక్కాలో అక్కకు చూపించి, గడప బయట కాపలా నిలబడ్డాను. లోపల ఏం చెప్పిందో వినలేదు. వినాలనిపించలేదంటే మీరు నమ్మరు, కానీ ఆ వయసులో కూడా కొన్ని మర్యాదలు ఉంటాయి. బయటికి వచ్చేటప్పటికి ఆమె కళ్ళు ఎర్రగా, మొహం తేటగా ఉంది. నా రెండు పాటలు పోయాయి.

సాయంత్రం కథలాపూర్ మనిషి వచ్చేలోగా వినడం మొదలైంది. మన మాటలే కదా, మనకు తెలిసినవే కదా అని అత్త పాత సెల్లులే వేయించింది. ఆమె బీడీల ఆకు కత్తిరిస్తూ తన గొంతు తానే విని తల ఊపింది. చివరికి నా మాట వచ్చింది, దాని వెనక డ్రమ్ములు వచ్చాయి. నేను మీట మీద వేలు పెట్టాను. అత్త తల ఎత్తకుండా, “ఉండనీ పిల్లగా. ఇది జర మంచిగనే ఉన్నది. ఏడ్పు పాట లెక్కున్నది” అంది. అక్క ఆకు కత్తిరించే కత్తెర పక్కన పెట్టేసింది. సెల్లులు పాతవి కాబట్టి సరిపోవని బంద్ పెడదామన్నాను. పాతవే కదా, అయిపోనీ అంది అత్త. పాట సగం దాటింది. చివరి చరణం వచ్చింది. గిటారు ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత ఉండేది అక్క గొంతు. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు వచ్చింది. పక్కింటి సాంచాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. టేపు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. అక్క మాటలు ఆ డబ్బాలోంచి వస్తూనే ఉండాలి, అత్త దానికి జానెడు దూరంలో కూర్చునే ఉంది, మా ముగ్గురికీ వినపడింది మాత్రం సాంచాల చప్పుడొక్కటే. ఆమె చేత్తో ఇక చాలని సైగ చేసింది. నేను ఏమీ తొందర లేనట్టు మీట నొక్కాను.

ఆ ఎండాకాలం బావ తిరిగి వచ్చేశాడు. అత్తకు కోపం రావాల్సింది, కొడుకు గడపలో కనిపించేసరికి మెడ పట్టుకుని ఏడ్చింది. ఎందుకు వచ్చావని ఎవరు అడిగినా బావ నవ్వి ఊరుకున్నాడు. చెట్టు మాత్రం ఎక్కలేదు. బస్టాండు దగ్గర సైకిల్ రిపేరు పెట్టుకున్నాడు, తర్వాత మోటారు సైకిళ్ళకు మారాడు. అక్క నా వైపు ఒకసారి చూసింది, నేను ఒకసారి తల ఊపాను, అంతకు మించి మేమిద్దరం ఆ విషయం ఎన్నడూ మాట్లాడుకోలేదు. అవసరమేముంది? సముద్రం అవతల నుంచి మనిషిని రప్పించింది నా తెలివి. వాళ్ళ పిల్లలు పుట్టినప్పుడు, పెరిగినప్పుడు, పెళ్ళిళ్ళకు నేనే మైకులు కట్టినప్పుడు, దీనికంతటికీ మూలం ఎవరో నాకు తెలుసు అనుకుని లోలోపల మీసం మెలేసుకున్నాను. అత్త పోయి చాలా ఏళ్ళయింది. క్యాసెట్ బహ్రెయిన్‌లోనే బావ గదిలో ఉండే ముస్తాబాద్ మనిషి చేతికి పోయింది. దాంట్లో ఆయన తన ఇంటి ముచ్చట్లు నింపి ఉంటాడు. పాటలు నా గొంతులో మాత్రం మిగిలాయి. ఇన్నేళ్ళుగా మైకు పరీక్షించాలంటే నేను హలో అనను, ఆ రెండో పాట కూనిరాగం తీస్తాను. పెళ్ళివాళ్ళు కొందరు శుభమా అని ఏడుపు రాగం ఎందుకని అడిగారు కూడా.

పోయిన నెల మా బిడ్డ ఆ గ్రూపు పేరు అడిగి, ఫోనులో వెతికి, ఆ ఆల్బం మొత్తం ఉన్నదని చూపించింది. అట్ట మీద ఆ నలుగురే, ఆ జుట్టే. దుకాణంలో ఉన్న పెద్ద బాక్సులకు తగిలించి, పనివాళ్ళను నిశ్శబ్దంగా ఉండమని చెప్పి, కళ్ళు మూసుకుని, రెండో వైపు చివరి పాటలు పెట్టమన్నాను. మోగింది ఒక గంతులేసే పాట. తీన్మార్ కంటే జోరు. వేరేది పెట్టావన్నాను. అదే డాడీ అంది. ఇంకోసారి పెట్టమన్నాను. రాగం నాదే, మాటలు నావే, కానీ నేను దగ్గర దగ్గర నలభై ఏళ్ళుగా ఏడ్చిన చోటల్లా వాళ్ళు నవ్వుతూ ఎగురుతున్నారు. అప్పుడు వెలిగింది. ఎండబెట్టిన పాత సెల్లులు. సెల్లులు బలహీనపడితే రికార్డు చేసిన గొంతు మారుతుందని మొట్టికాయలు తిని మరీ నేర్చుకున్న ఆపరేటర్‌కు, వినే పాట కూడా సాగుతుందని తట్టలేదు. జిల్లాలో నాకు పోటీ లేదని పైన రాశాను కదా, దాన్ని కొట్టేయడం లేదు, కానీ మీరు చదివేటప్పుడు కొంచెం తగ్గించుకోండి. పైగా మా బిడ్డ ఇంకో మాట చెప్పింది. ఆ గ్రూపు పాటల్లో జనం వినేది ఆ ఒక్క ప్రసిద్ధ పాటేనట. చివరి మూడింటినీ ఎవరూ ముట్టుకోవడం లేదట. జగిత్యాల ఇంగ్లీషు సారుకు ఇప్పుడు ఎక్కడికి పోయి క్షమాపణ చెప్పను? కానీ ఒప్పుకుని తీరాల్సింది ఇంకొకటుంది. ఆ మూడూ నిజంగానే మంచి పాటలు. జోరులో విన్నా మంచి పాటలే. ఆ గిటారు పని, చివర నలుగురూ కలిసే ఆ గొంతుల పొందిక, మొదటి వైపు హిట్టులో కూడా లేవు. ఆ విషయంలో నా చెవి తప్పు చెప్పలేదు.

మరుసటి ఆదివారమే సిరిసిల్ల పోయాను. అక్క వరండాలో చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. (పిల్లలు వద్దన్నా మానదు, చేతులు ఊరుకోవంటుంది.) బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిన్న బాక్సు ఒకటి వెంట తీసుకుపోయాను, మొదటి పాట పెట్టాను. డ్రమ్ములు మొదలయ్యాయి. అక్క గుర్తుపట్టి నవ్వింది. బావ, గిదేం లొల్లి బామ్మర్ది అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఇక దాచేదేముందని, ఉపాయం మొత్తం చెప్పేశాను. నా సొంత తెలివి దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగాను. బావ శ్రద్ధగా విన్నాడు. విన్నాక తల గోక్కున్నాడు. “గా క్యాసెటా? అమ్మ మాట, పెదనాయిన మాట, అన్ని ఇన్న. గీ లొల్లి షురువు కాంగనే బంద్ వెట్టిన” అన్నాడు.

రెండో పాట తప్పకుండా వినమని చెప్పాను కదా అన్నాను. నువ్వు ఎప్పుడూ పాటల ముచ్చటే చెప్పేవాడివి, ఎవరు వింటారు అన్నాడు. అక్క చేతిలో బీడీ సగం చుట్టి ఆగిపోయింది. ఆమె కూడా ఇన్నేళ్ళూ తన మాట విని వచ్చాడనే అనుకుంది.

“మరెందుకచ్చినవ్?” అంది.

బావ బయట రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. “అందరు ఉండుమన్నరు. నువ్వొక్కదానివి మంచిగున్న అని ఊకున్నవ్. ఉండుమనలేదు. అందుకే అచ్చిన.”

పాట అయిపోయింది. ఫోను దానంతట అదే రెండోది మొదలుపెట్టింది. తీసేద్దామని చెయ్యి చాపాను కానీ బావ ఉండనీ అన్నాడు. ఇంతకూ దీని మీద ఏం మాట్లాడావని అక్కను అడిగాడు. అక్క బీడీకి దారం చుట్టి, చాటలో పెట్టి, ఇంకో ఆకు తీసుకుంది.

“ఏమున్నది, రమ్మన్న. మొత్తం గదే చెప్పిన.”

“అచ్చిన గద” అన్నాడు బావ.

నేను కాపాడిన పాటను ఆయన వినలేదు, నేను వదులుకున్న పాటల మీది మాటలనూ వినలేదు. ఆ గడప బయట, ఎండలో, ఒక కుటుంబాన్ని తన భుజాల మీద మోస్తున్నానని ఛాతీ విరుచుకుని కాపలా నిలబడ్డ ఆ ఇంటర్మీడియట్ కుర్రాడు గుర్తుకు వచ్చాడు. వాడికి ఈ సంగతి చెప్పగలిగినా చెప్పను. అక్క వంచిన తల ఎత్తకుండా నవ్వుకుంటోంది, బావ ఆ ఇంగ్లీషు పాటను ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా కదలకుండా విన్నాడు, నేను వాళ్ళిద్దరినీ చూస్తూ కూర్చున్నాను.